ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్మేటప్పుడు ‘కరెంటు సర్టిఫికెట్’: ఎవరు అడుగుతారు, ఎందుకు అడుగుతారు

ఇంటికి బేరం కుదిరింది. ఇంటి స్థితిని చూసే సర్వే అయిపోయింది. కొనేవాళ్లకు బ్యాంకు అప్పు కూడా ఖాయమైంది. అప్పుడు కొనేవాళ్ల తరఫు లాయరు, అంటే అవతలి సొలిసిటర్ నుంచి ఒక్క వాక్యం వస్తుంది: ఎలక్ట్రికల్ సర్టిఫికెట్ పంపండి. అమ్మేవాళ్లు ఫైళ్లన్నీ తిరగేస్తారు. ఏ సర్టిఫికెట్? ఎప్పటిది? మనం కొన్నప్పుడు ఎవరూ ఇవ్వలేదే?

సూటిగా చెప్పాలంటే, సొంతంగా ఉంటున్న ఇంటిని అమ్మడానికి కరెంటు తనిఖీ చేయించి తీరాలని ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏ చట్టమూ చెప్పదు. అయినా ఆ వాక్యం రాసిన సొలిసిటర్ అడగకూడనిది ఏమీ అడగలేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

మనవాళ్లకు ఈ విషయం కొత్తగా తోచడంలో ఆశ్చర్యం లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత ఫ్లాటు కొంటే ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూపిస్తాం, ఇంటి పన్ను రసీదు అడుగుతాం. కరెంటు వరకూ వస్తే బిల్లు బకాయి లేదని చూసుకుని మీటరు పేరు మార్పించుకుంటాం. గోడ లోపలి వైరు సంగతి ఎవరూ అడగరు. అక్కడి నుంచి వచ్చిన వాళ్లకు ఇంగ్లండ్‌లో ప్రతిదానికీ ఓ కాగితం ఉంటుందన్న నమ్మకం గట్టిగా ఉంటుంది. ఈ విషయంలో ఆ నమ్మకం సగమే నిజం.

ఒకే పేరుతో పిలిచే రెండు వేర్వేరు కాగితాలు

ఎక్కువ గందరగోళం పేరు దగ్గరే మొదలవుతుంది. ‘కరెంటు సర్టిఫికెట్’ అని మనం అనేది నిజానికి రెండు జాతుల కాగితాలు.

మొదటిది, చేసిన పనికి ఇచ్చే ధ్రువపత్రం. కొత్త సర్క్యూట్ వేసినా, ఫ్యూజ్ బాక్స్ మార్చినా పని చేసిన ఎలక్ట్రీషియన్ ‘ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్’ ఇవ్వాలి. ఉన్న సర్క్యూట్‌కే ఓ సాకెట్ అదనంగా తగిలిస్తే దానికి ‘మైనర్ వర్క్స్ సర్టిఫికెట్’ అనే చిన్న పత్రం చాలు. తాను ఈ పనిని బ్రిటిష్ వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671 ప్రకారం చేసి, పరీక్షించానని చేసినవాడు పెట్టే సంతకం అది. మిగతా ఇంటి గురించి ఆ కాగితం పూచీ ఇవ్వదు.

రెండోది, ఉన్న వైరింగ్ ఇవాళ ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదిక. దాని పేరు ‘ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ కండిషన్ రిపోర్ట్’, పొట్టిగా ఈఐసీఆర్. పనిని ఎవరు చేశారన్నది దీనికి అక్కర్లేదు. వైరింగ్ ఇవాళ ప్రమాదకరంగా ఉందా లేదా అన్నదే చూస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి మంచి పని ఇవాళ పాడై ఉండవచ్చు. ధ్రువపత్రం లేని నిన్నటి పని నిక్షేపంగా ఉండవచ్చు.

వీటికి తోడు మూడో కాగితం ఒకటి మనవాళ్లను తికమక పెడుతుంది. ఇల్లు అమ్మేటప్పుడు తప్పనిసరైన ‘ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్’, పొట్టిగా ఈపీసీ అది. పదేళ్లు చెల్లుతుంది. పేరులో ‘ఎనర్జీ’ ఉంది కాబట్టి కరెంటుకు సంబంధించినదేనని చాలామంది అదే పంపేస్తారు. అది చెప్పేది ఇల్లు ఎంత వేడిని నిలుపుకుంటుంది, ఎంత ఇంధనం తింటుంది అన్నదే. వైరింగ్ సురక్షితమా కాదా అన్నది దాని పరిధిలో లేదు.

2005 జనవరి 1 అన్న తేదీ ఎందుకు పదేపదే వస్తుంది

ఆ రోజు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి కరెంటు పని భవన నిబంధనల కిందికి వచ్చింది. ఆ భాగానికి ‘పార్ట్ పి’ అని పేరు. అంతకు ముందు చేసిన పనికి ఈ నిబంధన కింద కాగితం అడిగే ప్రశ్నే లేదు. ఆ తర్వాత చేసిన పెద్ద పనులను స్థానిక కౌన్సిల్ భవన నియంత్రణ విభాగానికి తెలియజేయాలి. ఆచరణలో దీనికి సులువైన దారి ఉంది. ఎన్ఐసీఈఐసీ, నాపిట్ వంటి సంస్థల్లో నమోదైన ఎలక్ట్రీషియన్ తన పనిని తానే ధ్రువీకరించుకుని, ఆ సంస్థ ద్వారా కౌన్సిల్‌కు కబురు పంపుతాడు. ఇంటి యజమానికి ‘బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్’ వస్తుంది.

ఏ పని తెలియజేయాలన్నది కాలంతో మారింది. మొదట్లో వంటగదిలో సాకెట్ పెంచినా తెలియజేయాల్సిందే. ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్ నుంచి జాబితా కుదించారు. ఇప్పుడు ముఖ్యంగా మూడే మిగిలాయి: కొత్త సర్క్యూట్ వేయడం, కన్స్యూమర్ యూనిట్ (ఫ్యూజ్ బాక్స్) మార్చడం, స్నానపు తొట్టి లేదా షవర్ చుట్టుపక్కల ఉన్న సర్క్యూట్‌లో మార్పుచేర్పులు. వేల్స్ ఆ కుదింపును అనుసరించలేదు. అక్కడి జాబితా ఇంకా పెద్దదే. కాబట్టి వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉన్న స్నేహితుడి అనుభవం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మీకు అచ్చంగా పనికిరాదు.

ఇక్కడ ఒక్క విషయం మరీ చెప్పాలి. ఎలక్ట్రిక్ కారు కొని ఇంటి ముందు చార్జర్ బిగించుకుంటే, దానికి సాధారణంగా విడిగా కొత్త సర్క్యూట్ వేస్తారు. అంటే అది తెలియజేయాల్సిన పనే. పెరట్లో ఆఫీసు గది కట్టుకుని దానికి విడి సర్క్యూట్ లాగినా అంతే. ఇల్లు అమ్మే రోజున ఈ పనుల కాగితాలే ఎక్కువగా కావాల్సి వస్తాయి. పని జరిగిన వారంలో ఈమెయిల్‌కు వచ్చిన ఆ పీడీఎఫ్‌ను దాచుకోవాలని ఆ రోజుల్లో ఎవరికీ తట్టదు.

ఇంటి వివరాలు చెబుతూ అమ్మేవాళ్లు నింపే టీఏ6 అనే పత్రంలో దీని గురించే ప్రశ్నలుంటాయి. వైరింగ్‌ను అర్హత గల ఎలక్ట్రీషియన్ ఎప్పుడైనా పరీక్షించాడా? 2005 జనవరి 1 తర్వాత కరెంటు పని జరిగిందా? జరిగితే కాగితం ఏది? సొలిసిటర్ అడిగేది ఈ జవాబుల వెనకున్న రుజువు. ‘పరీక్ష చేయించలేదు’ అని నిజాయతీగా రాస్తే నేరం కాదు. జరిగిన పనిని జరగలేదని రాస్తే మాత్రం 1967 నాటి మిస్‌రిప్రజెంటేషన్ చట్టం కింద కొన్నవాళ్లు పరిహారం అడగవచ్చు. చట్టం తనిఖీని బలవంతం చేయదు గానీ అబద్ధాన్ని ఊరికే వదలదు.

ఈఐసీఆర్ చేసేవాడు నిజంగా ఏం చూస్తాడు

గోడకు కొత్త రంగు, వంటగదికి కొత్త అల్మారాలు, లోపల తాతలనాటి వైరు. పైన పటారం లోన లొటారం అన్న మాట పాత ఇంగ్లిష్ ఇళ్లకు చక్కగా అతుకుతుంది. 1950ల వరకూ వాడిన రబ్బరు తొడుగు వైర్లు వయసు పైబడితే పెళుసుబారి, తాకితే పొడిగా రాలతాయి. 1966 కంటే ముందు వేసిన లైట్ సర్క్యూట్లలో చాలావాటికి ఎర్త్ తీగే ఉండదు. అలాంటి చోట మెరిసే లోహపు షాండిలియర్ తగిలించారంటే ప్రమాదాన్ని కొని తెచ్చుకున్నట్టే.

తనిఖీ చేసేవాడు ముందు కళ్లతో చూస్తాడు. తర్వాత మీటర్లతో కొలుస్తాడు. అందులో రెండు పరీక్షలు తెలిస్తే నివేదిక చదవడం తేలికవుతుంది.

ఒకటి ఇన్సులేషన్ పరీక్ష. పొలానికి వేసిన పైపు ఎక్కడ కారుతోందో తెలియాలంటే చివర బిగించి నీరు వదిలి చూస్తాం. ఇదీ అలాంటిదే. కరెంటు ఆపి, వైర్ల మధ్య 500 వోల్టుల డీసీ పెట్టి, ఎంత కారుతోందో కొలుస్తారు. నిరోధం 1 మెగా ఓమ్‌కు తగ్గకూడదు. పాత వైరింగ్ బలహీనత ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది.

రెండోది ఎర్త్ లూప్ పరీక్ష. లైవ్ తీగ ఊడి వాషింగ్ మెషిన్ లోహపు ఒంటికి తగిలిందనుకోండి. ఆ కరెంటు ఎర్త్ తీగ ద్వారా వెనక్కి వెళ్లే దారి ఎంత సాఫీగా ఉంటే బ్రేకర్ అంత తొందరగా పడిపోతుంది. లెక్క చూద్దాం. ఇంగ్లండ్ ఇళ్లలో సాకెట్లకు సాధారణంగా ఉండే 32 ఆంపియర్ల ‘బి’ రకం బ్రేకర్ తక్షణం పడాలంటే దానికి అయిదు రెట్లు, అంటే 160 ఆంపియర్లు పారాలి. దారి నిరోధం 1 ఓమ్ ఉంటే 230 వోల్టుల దగ్గర 230 ఆంపియర్లు పారతాయి. బ్రేకర్ రెప్పపాటులో పడిపోతుంది. అదే నిరోధం, ఎక్కడో వదులైన స్క్రూ వల్ల, 2 ఓమ్‌లైతే పారేది 115 ఆంపియర్లే. బ్రేకర్ తక్షణం పడదు. ఆ సెకన్ల పాటు మెషిన్ ఒంటి మీద కరెంటు ఉంటుంది, తాకిన చెయ్యి కూడా ఉండవచ్చు. ఇలాంటి చోట ప్రాణం కాపాడేది ఆర్‌సీడీ. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే అది సర్క్యూట్‌ను తెంచేస్తుంది. మన వైపు ఆర్‌సీసీబీ అంటాం. ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో అది ఉందో లేదో ఈ వ్యాసం పక్కన పెట్టి ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి.

కనిపెట్టిన ప్రతి లోపానికీ ఒక కోడ్ ఇస్తారు. సీ1 అంటే ప్రమాదం ఇప్పుడే ఎదురుగా ఉంది: ఉదాహరణకు చేతికి తగిలేలా బయటపడ్డ లైవ్ తీగ. సీ2 అంటే ప్రమాదం పొంచి ఉంది: గ్యాస్, నీటి పైపులను ఎర్త్‌కు కలిపే బాండింగ్ తీగ లేకపోవడం వంటిది. సీ3 అంటే బాగుచేస్తే మంచిది. ఎఫ్ఐ అంటే ఇంకా తవ్వి చూడాలి. సీ1, సీ2, ఎఫ్ఐలలో ఒక్కటున్నా నివేదిక మొత్తం ‘సంతృప్తికరం కాదు’ అని వస్తుంది. సీ3లు పది ఉన్నా ‘సంతృప్తికరం’ అనే వస్తుంది.

ఈ తేడా తెలియక బేరాలు చెడతాయి. ఇవాళ్టి ప్రమాణానికి సరితూగకపోవడం వేరు, ప్రమాదకరంగా ఉండడం వేరు. 2016 నుంచి కొత్తగా బిగించే కన్స్యూమర్ యూనిట్ ఇనుము వంటి కాలని పదార్థంతో ఉండాలి. అంతమాత్రాన 2010 నాటి ప్లాస్టిక్ బాక్స్ తనంతట తాను ‘ఫెయిల్’ కాదు. పాత తీగ ఫ్యూజులూ అంతే. నిబంధనలు వెనక్కి వర్తించవు. ‘బోర్డంతా మార్చాల్సిందే’ అని ఎవరైనా అంటే ఏ కోడ్ ఇచ్చారో, ఎందుకిచ్చారో అడిగే హక్కు మీకుంది.

నివేదికకు హద్దులు కూడా ఉన్నాయి. నేల పలకలు పీకరు, గోడలు తవ్వరు, కొన్నిచోట్ల నమూనాగా కొన్ని సాకెట్లే విప్పుతారు. ఏవి చూడలేదో ‘పరిమితులు’ అన్న గడిలో రాస్తారు. చాలామంది చదవకుండా దాటేసే గడి అదే. నన్నడిగితే ముందు చదవాల్సింది దాన్నే. సగం ఇల్లు పరీక్షించి ‘సంతృప్తికరం’ అన్న నివేదిక కంటే, అంతా చూసి రెండు సీ2లు చూపిన నివేదిక ఎంతో విలువైనది. మరో మాట: ఇంటితో పాటు వదిలి వెళ్లే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటి ప్లగ్ సామాను ఇందులోకి రాదు.

1930ల సెమీ ఇల్లు: ఒక ఉదాహరణ

లెక్క కోసం ఊహించుకున్న ఇల్లు ఇది. లండన్ శివారు హారోలో 1930లలో కట్టిన సెమీ డిటాచ్డ్, అంటే ఒక పక్క గోడ పొరుగింటితో కలిసి ఉండే ఇల్లు. అమ్ముతున్న దంపతులు దాన్ని 2009లో కొన్నారు. 2012లో ఫ్యూజ్ బాక్స్ మార్పించారు. అదే ఏడాది ఇంకొకరి చేత వంటగదికి కొత్త సర్క్యూట్ వేయించారు. 2017లో హాల్లో ఉన్న సర్క్యూట్‌కే రెండు సాకెట్లు పెంచారు. 2022లో కారు చార్జర్ పెట్టారు.

చార్జర్ కాగితం ఈమెయిల్‌లో దొరికింది. ఫ్యూజ్ బాక్స్ కాగితం ఇంట్లో లేదు. అయితే ఆ పనివాడు అప్పట్లో నమోదైనవాడే కాబట్టి సంస్థ రికార్డులో అడ్రసు పెట్టి వెతికితే దొరికింది, కొంత రుసుము కట్టి నకలు తీసుకున్నారు. కౌన్సిల్ దగ్గరా ఆ రికార్డు ఉంటుంది. హాల్లో సాకెట్లు 2013 తర్వాతి చిన్న పని, తెలియజేయాల్సిన అవసరం లేదు. మిగిలింది వంటగది. దానికి ఎక్కడా రికార్డు లేదు.

ఇక్కడ మూడు దారులు. కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టి, పరీక్షలు చేయించి, పాత పనిని క్రమబద్ధం చేసే ‘రెగ్యులరైజేషన్’ పత్రం తెచ్చుకోవడం ఒకటి. సమయం పడుతుంది, గోడ తెరవమనే అవకాశమూ ఉంది. రెండోది ఈఐసీఆర్ చేయించడం. ఇది పాత పనికి ధ్రువపత్రం కాలేదు గానీ ఇవాళ పరిస్థితి చెబుతుంది. మూడోది ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా. ఒక్కసారి ప్రీమియం కడితే చాలు, రోజులో వచ్చేస్తుంది. సొలిసిటర్లు ఎక్కువగా దీన్నే సూచిస్తారు.

ఈ పాలసీ దేన్ని కాపాడుతుందో మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి. కాగితం లేదన్న కారణంతో కౌన్సిల్ చర్య తీసుకుంటే ఆ నష్టాన్ని భరిస్తుంది. వైరు కాలితే భరించదు, లోపం బాగుచేయించదు. పైగా ముందే కౌన్సిల్‌ను సంప్రదించి ఉంటే సాధారణంగా పాలసీ ఇవ్వరు. అందుకే ‘ముందు కౌన్సిల్‌కు ఫోన్ చేసి కనుక్కుందాం’ అనే మంచి బుద్ధి ఒక దారిని మూసేయవచ్చు. ఫోన్ చేసే ముందు మీ సొలిసిటర్‌తో మాట్లాడమనేది అందుకే.

మన ఉదాహరణలో కొనేవాళ్లు పాలసీతో సరిపెట్టుకోకుండా తమ ఖర్చుతో ఈఐసీఆర్ చేయించారు. గ్యాస్ పైపుకు బాండింగ్ లేదు: సీ2. వంటగది సాకెట్లను వలయంలా చుట్టివచ్చే రింగ్ సర్క్యూట్‌లో ఒకచోట తీగ తెగి ఉంది: సీ2. మెట్ల కింద ప్లాస్టిక్ బాక్స్: సీ3. మొదటి రెండూ ఎలక్ట్రీషియన్‌కు చిన్న పనులు. అమ్మేవాళ్లు చేయించి కాగితం ఇచ్చారు. మూడోదాని కోసం ధర తగ్గించమని అడిగితే ఒప్పుకోలేదు, అందులో అన్యాయమూ లేదు. గమనించండి, అసలు లోపం కాగితం లేని వంటగదిలోనే దొరికింది. పాలసీ ఒక్కటే తీసుకుని ఉంటే ఆ తెగిన రింగ్ అలాగే ఉండిపోయేది.

సర్వే రిపోర్టు దీనికి ప్రత్యామ్నాయం కాదు. సర్వేయర్ ఫ్యూజ్ బాక్స్ మూత వైపు చూస్తాడు గానీ కరెంటు పరీక్షలు చేయడు. ‘నిపుణుడి చేత పరీక్ష చేయించుకోండి’ అని రాస్తాడు. ఆ వాక్యం చూసి కంగారు పడక్కర్లేదు, అలాగని కొట్టిపారేయనూ కూడదు.

అద్దెకిచ్చిన ఇల్లయితే లెక్క వేరు

మొదటి ఇల్లు అద్దెకిచ్చి రెండోది కొనుక్కున్న కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లకు 2020 నిబంధనల ప్రకారం తనిఖీ తప్పనిసరి. కొత్త అద్దె ఒప్పందాలకు 2020 జులై 1 నుంచి, అప్పటికే నడుస్తున్నవాటికి 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. కనీసం అయిదేళ్లకోసారి నివేదిక తీసుకోవాలి. లోపం తేలితే 28 రోజుల్లో, నివేదిక ఇంకా తక్కువ గడువు చెబితే ఆ లోపే, బాగుచేయించాలి. ఈ నిబంధనలు వచ్చినప్పుడు జరిమానా గరిష్ఠంగా 30,000 పౌండ్లు అని పెట్టారు.

‘ఇల్లు అమ్మాలంటే ఈఐసీఆర్ ఉండాల్సిందే’ అన్న మాట ఎక్కువగా ఇక్కడి నుంచే పాకింది. అద్దె నిబంధనను అమ్మకానికి అంటగట్టారు. అయితే కిరాయిదారుతో సహా ఇల్లు అమ్ముతుంటే, లేదా కొనేవాళ్లు అద్దెకిద్దామనుకుంటే ఆ నివేదిక నిజంగానే అడుగుతారు. సొంతంగా ఉండే ఇంటికి పదేళ్లకోసారి, లేదా ఇల్లు చేతులు మారినప్పుడు పరీక్ష మంచిదన్నది సలహా మాత్రమే.

వేరే దేశాలు ఈ భారాన్ని ఎవరి మీద పెట్టాయి

తప్పనిసరి చేయాలా వద్దా అన్న వాదన తేలాలంటే చేసిన దేశాలను చూడాలి.

దక్షిణాఫ్రికాలో 2009 నాటి ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ నిబంధనల ప్రకారం యజమాని మారేటప్పుడు రెండేళ్లకు మించని కంప్లయన్స్ సర్టిఫికెట్ ఉండాలి. లోపాలుంటే ముందు బాగుచేయాలి, అప్పుడే కాగితం. 1860 నుంచి చెరకు తోటలకు వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల వారసులు డర్బన్ చుట్టుపక్కల ఇల్లు అమ్మినా ఈ నియమమే. ప్రమాదాన్ని ఇది గట్టిగా అడ్డుకుంటుంది. కానీ పరీక్షించేవాడిని ఎంచుకుని డబ్బిచ్చేది అమ్మేవాడు. ఎంత తొందరగా, ఎంత చౌకగా కాగితం వస్తే అంత మేలని అతను చూసుకుంటే కొనేవాడికి దక్కేది సంతకమే.

ఫ్రాన్స్‌లో 2009 నుంచి, వైరింగ్ 15 ఏళ్లు దాటిన ఇల్లు అమ్మాలంటే కరెంటు పరీక్ష నివేదిక జతచేయాలి. అమ్మకానికైతే మూడేళ్లు చెల్లుతుంది. లోపాలు బాగుచేయాల్సిన బాధ్యత మాత్రం అమ్మేవాడికి లేదు. చెప్పడమే అతని వంతు, బేరమాడుకోవడం కొనేవాడి వంతు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఇంకో దారి పట్టింది. సేఫ్టీ స్విచ్, అంటే ఆర్‌సీడీ, ఉందో లేదో అమ్మేవాడు తెలపాలి. లేకపోతే ఇల్లు చేతికొచ్చిన మూడు నెలల్లో కొన్నవాడు పెట్టించుకోవాలి.

ఇంగ్లండ్ మాత్రం ‘కొనేవాడే జాగ్రత్తపడాలి’ అన్న పాత సూత్రం దగ్గరే ఉంది. 2007లో అమ్మేవాళ్లే కాగితాల కట్ట సిద్ధం చేయాలని హోమ్ ఇన్ఫర్మేషన్ ప్యాక్ తెచ్చారు. ఖర్చు పెరుగుతోందని, అమ్మకాలు మందగిస్తాయని విమర్శలొచ్చి 2010లో నిలిపేశారు. ఆ కట్టలోంచి నిలబడింది ఈపీసీ ఒక్కటే. తప్పనిసరి తనిఖీ వద్దనేవాళ్లు ఆ అనుభవాన్నే చూపిస్తారు. అసలే నెలల తరబడి సాగే అమ్మకానికి మరో మెలిక ఎందుకంటారు. మొత్తం రీవైరింగ్ చేసుకునే ఉద్దేశంతో కొనేవాడికి పాత వైరు మీద నివేదిక దండగ అంటారు. అదీ నిజమే. కావాలనేవాళ్లు అడిగేది ఒక్కటే: కిరాయిదారు ప్రాణానికి అయిదేళ్లకో తనిఖీ అవసరమైతే, అదే గోడల మధ్య సొంతిల్లని ఉంటున్నవాడికి ఎందుకు అక్కర్లేదు?

నాకు ఫ్రాన్స్ పద్ధతి వైపు మొగ్గు ఉంది. ఎవరి చేతా బలవంతంగా పని చేయించదు, ఎవరినీ చీకట్లో ఉంచదు. కానీ ఇంగ్లండ్‌లో ఆ చట్టం లేనంత కాలం ఆ పాత్ర కొనేవాళ్లు అడిగే ఈఐసీఆర్‌దే. దాన్ని బేరం చట్టపరంగా ఖాయమయ్యే కాంట్రాక్టుల మార్పిడి కంటే ముందే చేయించాలి. సంతకాలయ్యాక తేలిన సీ1 ఖర్చు సాధారణంగా కొన్నవాడిదే అవుతుంది. పరీక్షకు కొన్ని గంటల పాటు ఇంట్లో కరెంటు ఆపాల్సి వస్తుంది కాబట్టి, అందులో కాపురం ఉంటున్న అమ్మేవాళ్ల అనుమతి ఎస్టేట్ ఏజెంటు ద్వారా ముందే తీసుకోవాలి. కొందరు ఒప్పుకోరు కూడా. వాళ్లకు ఆ హక్కుంది, అప్పుడు ధరలో ఆ తెలియనితనాన్ని ఎంత లెక్కగట్టాలన్నది కొనేవాళ్ల ఇష్టం.